అవార్డు కంటే ముందు అద్దె: జాతి న్యాయంపై రాసే స్వతంత్ర విలేకరులకు మన డబ్బు, మన పని ఎలా చేరాలి

(అమెరికాలో స్థిరపడిన తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ వరసల్లో ఖాళీలున్నాయి.

2023 జనవరి 23 రాత్రి సియాటెల్‌లో, ఆదోని నుంచి చదువుకోడానికి వచ్చిన మన అమ్మాయి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చనిపోయింది. అది గంటకు 25 మైళ్ళు దాటకూడని వీధి. ఆ కారు ఒక దశలో 74 మైళ్ళ వేగం అందుకుంది. మర్నాడు మరో పోలీసు అధికారి తన యూనియన్ నాయకుడితో ఫోన్లో మాట్లాడుతూ, ఆమెకున్న విలువ పరిమితమేనని, 11,000 డాలర్లకు చెక్కు రాసిస్తే సరిపోతుందని అంటూ నవ్వాడు. నగర న్యాయవాదుల తీరును వెక్కిరించానని తర్వాత వివరణ ఇచ్చుకున్నాడు. ఆ మాటలన్నీ అతని ఒంటిమీది కెమెరాలో అప్పుడే రికార్డయ్యాయి. మనం విన్నదెప్పుడు? సెప్టెంబరు 11న. ఏడున్నర నెలలు దాటాక. గుద్దిన అధికారిపై తీవ్ర నేరారోపణ పెట్టబోమని ప్రాసిక్యూటర్ చెప్పింది 2024 ఫిబ్రవరిలో. నవ్విన అధికారి ఉద్యోగం పోయింది ఆ ఏడాది జులైలో.

ఇలాంటి వార్త చనిపోయిన రోజు ఒకసారి వస్తుంది, వీడియో బయటపడిన రోజు మరోసారి వస్తుంది. మధ్యలో నెలలకు నెలలు ఎవరో ఒకరు రికార్డులు అడుగుతూ, కమిషన్ సమావేశాల్లో వెనక కుర్చీలో కూర్చుంటూ, కుటుంబంతో మాట్లాడుతూ ఉండాలి. సియాటెల్‌లో సౌత్ సియాటెల్ ఎమరాల్డ్, కన్వర్జ్ మీడియా లాంటి చిన్న సంస్థలు నల్లజాతి విలేకరులు మొదలుపెట్టినవే. ప్రతి పెద్ద నగరంలో ఇలాంటివి ఒకటో రెండో ఉంటాయి, ఏ సంస్థా లేకుండా ఒంటరిగా రాసేవాళ్ళు కొందరుంటారు. ఆ మధ్య నెలల్లో వాళ్ళ ఇంటద్దె ఎవరు కడతారన్నదే ఈ రోజు మన విషయం.

శ్వేతజాతేతర విలేకరులు అన్నప్పుడు నల్లజాతివాళ్ళు, లాటినోలు, మూలవాసులు, ఆసియావాళ్ళు అందరూ వస్తారు. అంటే మనమూ. వీళ్ళు పెద్ద పత్రికల్లో చేరి రాయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. 1967 వేసవి అల్లర్ల మీద అధ్యక్షుడు జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ 1968లో దీనికి జవాబిచ్చింది. పత్రికలు తెల్లవాడి ప్రపంచంలో నిలబడి దేశాన్ని చూస్తున్నాయంది. అప్పటికి వార్తా విభాగాల్లో నల్లజాతివాళ్ళు 5 శాతం లోపు, సంపాదకుల్లో, పర్యవేక్షకుల్లో 1 శాతం కూడా లేరు. ఇప్పుడు లెక్కలు అంత ఘోరంగా లేవు గానీ, ఉద్యోగం దొరికినంత మాత్రాన పని దొరకదు. 2020లో పిట్స్‌బర్గ్ పోస్ట్ గెజెట్ తన నల్లజాతి విలేకరి అలెక్సిస్ జాన్సన్‌ను జార్జ్ ఫ్లాయిడ్ హత్యపై జరిగిన నిరసనల వార్తల నుంచి పక్కన పెట్టింది. కారణం ఒక ట్వీటు. ఒక సంగీత కచేరీకి వచ్చినవాళ్ళు వదిలేసిన చెత్త ఫొటోలు పెట్టి, దోపిడీదారులు చేసిన విధ్వంసం కాబోలని ఆమె ఎత్తిపొడిచింది. అంతే. ఇలాంటి అనుభవాలే కొందరిని బయటికి నడిపిస్తాయి. బయటికొచ్చాక స్వేచ్ఛ ఉంటుంది, జీతం ఉండదు.

ఈ సమస్య కొత్తది కాదు, దానికి దొరికిన మందూ కొత్తది కాదు. 1827 మార్చిలో న్యూయార్క్‌లో మొదలైన ఫ్రీడమ్స్ జర్నల్, అమెరికాలో నల్లజాతివాళ్ళు సొంతంగా నడిపిన తొలి పత్రిక. మా వాదన మేమే వినిపించుకుంటాం, ఇంతకాలం ఇతరులు మా తరఫున మాట్లాడారు అని తొలి సంచికలో రాసుకుంది. చందా ఏడాదికి 3 డాలర్లు. రెండేళ్ళకే మూతపడింది. ధైర్యం చాలక మూతపడే పత్రికలు తక్కువండి, చందాలు చాలక మూతపడేవే ఎక్కువ.

మెంఫిస్ నగరం కథ మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి. 1892లో అక్కడ ఐడా బి. వెల్స్ ఫ్రీ స్పీచ్ అనే పత్రికకు సంపాదకురాలు, భాగస్వామి కూడా. ఆ మార్చిలో పీపుల్స్ గ్రోసరీ అనే కిరాణా కొట్టుకు సంబంధించిన ముగ్గురు నల్లజాతి మగవాళ్ళను మూక జైల్లోంచి లాక్కెళ్ళి చంపింది. ఎదురుగా తెల్లవాడి కొట్టుకు అది పోటీ. ఇలాంటి మూక హత్యలకు, అంటే లించింగులకు చెప్పే సాకులు అబద్ధాలని వెల్స్ రాసింది. మే నెలలో ఆమె ఊళ్ళో లేని సమయం చూసి పత్రిక ఆఫీసు ధ్వంసం చేశారు, తిరిగొస్తే ప్రాణం తీస్తామన్నారు. న్యూయార్క్ ఏజ్ అనే నల్లజాతి పత్రిక ఆమెకు పని ఇచ్చింది. అక్టోబరు 5న న్యూయార్క్, బ్రూక్లిన్ నల్లజాతి మహిళలు లిరిక్ హాల్లో సభ పెట్టి 500 డాలర్లు, కలం ఆకారంలో ఒక బంగారు బ్రోచి చేతిలో పెట్టారు. లించింగులపై ఆమె తొలి పుస్తిక ఆ డబ్బుతోనే అచ్చయింది.

బ్రోచి గురించి అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. పనికొచ్చింది మాత్రం ఆ 500. ప్రెస్సు పోయిన మనిషికి అచ్చు ఖర్చు, చోటు పోయిన మనిషికి ఇంకో పత్రిక, ఊరు పోయిన మనిషికి నిండు సభ. ఆ మూడూ ఒక్క ఏడాదిలోనే అందాయి. పులిట్జర్ పాత్రికేయ అవార్డుల వాళ్ళు ఆమెను గుర్తించింది 2020లో, ఆమె చనిపోయిన 89 ఏళ్ళకు. ఆ గుర్తింపుతో పాటు ఆమె ఆశయాల కోసం 50,000 డాలర్లు కేటాయించారు. మంచిదే.

అదే మెంఫిస్‌లో 2017లో వెండీ థామస్ అనే నల్లజాతి విలేకరి ఎంఎల్‌కే50 అనే లాభాపేక్షలేని వార్తాసంస్థ మొదలుపెట్టింది. మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊళ్ళోనే హత్యకు గురై 50 ఏళ్ళు కావస్తున్న సందర్భం. 2019లో ఆమె బయటపెట్టిన విషయం ఇది: మెథడిస్ట్ చర్చికి అనుబంధంగా నడిచే పెద్ద ఆసుపత్రి సంస్థ 2014 నుంచి 2018 దాకా బిల్లులు కట్టలేని రోగుల మీద 8,300కి పైగా దావాలు వేసింది. అందులో ఆ ఆసుపత్రిలోనే పనిచేసే చిన్న ఉద్యోగులు కూడా ఉన్నారు. కథనాలు వచ్చాక ఆసుపత్రి దావాలు ఆపింది, 5,300 మందికి పైగా రోగుల బాకీలు, దాదాపు 1 కోటి 19 లక్షల డాలర్లు, మాఫీ చేసింది.

ఇంత పని ఒక చిన్న సంస్థ ఎలా చేయగలిగింది? ప్రొపబ్లికా అనే పెద్ద పరిశోధనా వార్తాసంస్థ తన స్థానిక పరిశోధన పథకం కింద ఒక ఏడాది జీతం, ఆరోగ్య బీమా వగైరా భరించింది. ఎడిటర్ని, డేటా మనిషిని, లాయర్ని ఇచ్చింది. ఏడాది పాటు నెల నెలా జీతం వస్తే తప్ప, కోర్టు హాల్లో రోజుల తరబడి కూర్చుని బాకీ కేసులు ఒక్కొక్కటిగా వినే తీరిక ఏ విలేకరికీ ఉండదు. అన్నట్టు, మెంఫిస్ పోలీసులు తన సోషల్ మీడియాను గమనిస్తున్నారన్న సంగతి 2018లో ఒక కోర్టు విచారణలో బయటపడితేనే ఆమెకు తెలిసింది. రాజకీయ నిఘా పెట్టబోమని ఆ నగరం 1978లోనే కోర్టు సాక్షిగా ఒప్పుకుంది.

ఇప్పుడు లెక్కలు. ఇక్కడ ఎక్సెల్ అంటే ఇష్టపడేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఊహకు ఒక కథనం తీసుకోండి. 2,500 పదాలు, పదానికి 50 సెంట్లు, మొత్తం 1,250 డాలర్లు. మూడు నెలల పని, వారానికి 25 గంటల చొప్పున 300 గంటలు. గంటకు 4 డాలర్ల 17 సెంట్లు పడింది. ఫెడరల్ కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లు. ఇందులోంచి ఖర్చులు తీయాలి. ఫెడరల్ కోర్టు పత్రాలకు పేసర్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో పేజీకి 10 సెంట్లు, ఒక పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు, మూడు నెలల్లో 30 డాలర్లు మించకపోతే మాఫీ. దీనికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది వాంగ్మూలాల ప్రతికి. పేజీకి 4 డాలర్లు దాటుతుంది, ఒక్కరోజు విచారణ 200 పేజీలు పోతుంది. అంటే 800. మిగిలిన 450లో 92.35 శాతం మీద స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం. ఉద్యోగికైతే అందులో సగం యజమాని కడతాడు, ఫ్రీలాన్సర్ రెండు సగాలూ తనే కట్టుకోవాలి. దాదాపు 64 డాలర్లు పోయి చేతికి 386. గంటకు డాలరున్నర కూడా లేదు. ఆదాయపు పన్ను, పెట్రోలు, ఆరోగ్య బీమా ఇంకా లెక్కలోకే రాలేదు.

మన దగ్గర మండల విలేకరులకు లైన్ అకౌంట్ మీద డబ్బులివ్వడం తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. అచ్చయిన పొడుగుకే డబ్బు, తిరిగిన దూరానికి కాదు.

పైగా ఆ 1,250 కూడా ఎప్పుడొస్తుందో తెలియదు. కథనం అచ్చయ్యాకే డబ్బు అని ఒప్పందంలో ఉంటే, ఎడిటర్ ఆరు నెలలు పక్కన పెట్టినా అడగలేరు. అంగీకరించిన రోజు నుంచి లెక్క అని రాయించుకోవాలి. ప్రచురించకపోతే ఎంతిస్తారన్నది కూడా రాయించుకోవాలి. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి చట్టం ఉంది: 800 డాలర్లు, ఆపైన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, తేదీ రాయకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో చెల్లించాలి, ఎగ్గొడితే రెట్టింపు. 2024 ఆగస్టు నుంచి రాష్ట్రమంతటికీ వర్తింపజేశారు. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి రక్షణ లేదు.

ఇక రికార్డుల సంగతి. ఎక్కువ డబ్బు, ఎక్కువ కాలం పోయేది ఇక్కడే.

ఇండియాలో సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెడితే 30 రోజుల గడువు, దేశమంతా ఒకటే చట్టం. ఇక్కడ అలా కాదు. ఫోయా అనే ఫెడరల్ చట్టం 1966 నాటిది. 20 పని దినాల్లో జవాబివ్వాలి, అసాధారణ పరిస్థితుల పేరుతో ఇంకో 10 తీసుకోవచ్చు. అది ఫెడరల్ సంస్థలకే. పోలీసు శాఖ నగరానిదో కౌంటీదో అవుతుంది కాబట్టి రాష్ట్ర చట్టం చూసుకోవాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎవరైనా అడగొచ్చు, 5 పని దినాల్లో జవాబు రావాలి, అన్యాయంగా తొక్కిపెడితే కోర్టు రోజుకు 100 డాలర్ల దాకా జరిమానా వేయగలదు. షికాగో ఉన్న ఇల్లినాయ్‌లోనూ 5 పని దినాలే, తొలి 50 పేజీలు ఉచితం. మెంఫిస్ ఉన్న టెనెసీలో 7 పని దినాలు, పైగా అడిగేవాళ్ళు ఆ రాష్ట్రవాసులై ఉండాలి. ఇలా రాష్ట్రవాసులకే పరిమితం చేసుకోవడం తప్పు కాదని 2013లో వర్జీనియా కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పేసింది. అంటే అట్లాంటాలో ఉన్న విలేకరి మెంఫిస్ పోలీసుల మీద రాయాలంటే అక్కడి మనిషి ఒకరు తోడుండాలి. టెనెసీలో కాపీకి పేజీ 15 సెంట్లు, సిబ్బంది శ్రమలో తొలి గంట ఉచితం. వెళ్ళి చూసుకోవడానికి రుసుము లేదు. కాబట్టి ముందు చూసి, అవసరమైన పేజీలే కాపీ అడగడం అక్కడి పద్ధతి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది, ఫలానా ఘటనకు సంబంధించిన రికార్డులన్నీ ఇవ్వండి అని అడగడం. వెంటనే వేల డాలర్ల అంచనా బిల్లు వస్తుంది, లేదా ఏడాది తర్వాతి తేదీ వస్తుంది. ఒంటి కెమెరా వీడియోల్లో ముఖాలు చెరపడానికి గంటల లెక్కన వసూలు చేసే చోట్లున్నాయి. అందుకే ముందు చిన్న కాగితం అడగాలి, అంటే అత్యవసర ఫోన్ కేంద్రం పంపకాల పట్టీ. ఏ కారు ఎన్నింటికి వెళ్ళింది, ఘటన నంబరు ఎంత, ఎవరెవరు చేరారు అన్నీ అందులో ఉంటాయి. అది పట్టుకుని రెండో దరఖాస్తులో ఫలానా అధికారి కెమెరా, ఫలానా 40 నిమిషాలు అని అడిగితే బిల్లు వందల్లోకి దిగే అవకాశం ఉంటుంది.

రెండోది ఫీజు వర్గం. ఫెడరల్ చట్టంలో వార్తా ప్రతినిధికి వెతుకులాట ఖర్చు ఉండదు, తొలి 100 పేజీలు ఉచితం. ఫ్రీలాన్సర్లు కూడా ఈ వర్గంలోకి వస్తారని 2007 సవరణ స్పష్టం చేసింది. కానీ ప్రచురణ అవుతుందన్న గట్టి ఆధారం చూపాలి. ఎడిటర్ నుంచి మూడు వాక్యాల లేఖ, లేదా పాత కథనాలు రెండు జతచేస్తే చాలు. ఆ లేఖ లేక మామూలు వర్గంలో పడి డబ్బు కట్టేవాళ్ళు ఎందరో. మూడోది మౌనం. ఏడాది తర్వాత, మీకింకా ఆసక్తి ఉందా అని ఒక ఈమెయిలు వస్తుంది. గడువులో జవాబివ్వకపోతే ఫైలు మూసేస్తారు. నాలుగోది, తిరస్కరించారని వదిలేయడం. ఫెడరల్ అయితే అప్పీలుకు కనీసం 90 రోజులుంటాయి, దానికి ఫీజు లేదు.

అప్పీలు కూడా పోతే కోర్టు. 2014 అక్టోబరు 20న షికాగోలో లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే 17 ఏళ్ళ నల్లజాతి కుర్రాడి మీద పోలీసు 16 గుళ్ళు పేల్చాడు. ఆ వీడియో కోసం నగరం మీద దావా వేసింది బ్రాండన్ స్మిత్ అనే ఫ్రీలాన్సర్. అతను తెల్లవాడే. వీడియో అడగమని వెంటపడ్డవాడు విలియం కాలోవే అనే నల్లజాతి కార్యకర్త. 2015 నవంబరు 19న జడ్జి ఆదేశిస్తే 24న వీడియో వచ్చింది. వీడియో విడుదల చేసిన ప్రెస్‌మీట్‌లోకి స్మిత్‌నే రానివ్వలేదు! ఇల్లినాయ్ చట్టంలో గెలిచినవాళ్ళ లాయర్ ఖర్చు ప్రభుత్వమే కట్టాలి. అందుకే చేతిలో డబ్బు లేని ఫ్రీలాన్సర్ కేసును కూడా లాయరు తీసుకోగలడు. మీ రాష్ట్రంలో అలాంటి నిబంధన ఉందో లేదో చూడండి. లేకపోతే మీ విరాళం వెళ్ళాల్సిన మొదటి చోటు అదే.

లాయర్ల మాట వచ్చింది కాబట్టి. 2020లో అమెరికాలో 140కి పైగా విలేకరుల అరెస్టులు, నిర్బంధాలు నమోదయ్యాయి, ఎక్కువ భాగం జార్జ్ ఫ్లాయిడ్ హత్యానంతర నిరసనల్లోనే. డెమోయిన్ రిజిస్టర్ విలేకరి ఆండ్రియా సహూరి మీద కేసు నడిచి 2021 మార్చిలో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. ఆమె వెనక పత్రిక యాజమాన్యం నిలబడింది. ఫ్రీలాన్సర్‌కు ఎవరు నిలబడతారు? అట్లాంటా దగ్గర మారియో గెవారా సంగతి చూడండి. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడ పనిచేసిన విలేకరి. ఎంజీ న్యూస్ అని సొంత సంస్థ పెట్టుకున్నాడు. 2025 జూన్ 14న ప్రెస్ అని రాసిన చొక్కా వేసుకుని నిరసనను లైవ్‌లో చూపిస్తుంటే అరెస్టు చేశారు. ఆ ఆరోపణలు ఎత్తేశారు గానీ, ఈలోపు ఇమిగ్రేషన్ నిర్బంధంలోకి పోయాడు. వంద రోజులకు పైగా అక్కడే ఉంచి అక్టోబరు 3న దేశం దాటించారు. పని అనుమతి ఉన్న మనిషి. వీసా బెంగ తెలిసిన మనకు ఈ కేసు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

విలేకరులకు ఉచిత న్యాయ సహాయం ఇచ్చే రిపోర్టర్స్ కమిటీ 1970లో పుట్టడానికి కారణం కూడా ఒక నల్లజాతి విలేకరే. న్యూయార్క్ టైమ్స్‌లో ఎర్ల్ కాల్డ్‌వెల్ బ్లాక్ పాంథర్లు అనే నల్లజాతి ఉద్యమ సంస్థ గురించి రాస్తుంటే, వచ్చి సాక్ష్యం చెప్పమని ప్రభుత్వం సమన్లు పంపింది. 1972లో సుప్రీంకోర్టు 5-4తో విలేకరులకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. కమిటీ మాత్రం మిగిలింది. దాని హాట్‌లైన్ నంబరు నిరసనకు వెళ్ళే విలేకరి చేతి మీద చెరగని ఇంకుతో రాసి ఉండాలి. ఫోను లాక్కుంటే అందులోని నంబర్లు ఎందుకూ పనికిరావు. వేలిముద్ర, ముఖం గుర్తింపు ఆపేసి పొడుగు పాస్‌కోడ్ పెట్టుకోవాలి.

ఒప్పందంలో ఇంకో చిన్న ముక్క పెద్ద ప్రమాదం తెస్తుంది. ఎవరైనా దావా వేస్తే పత్రికకయ్యే ఖర్చంతా రచయితే భరించాలన్న నిబంధన. కొట్టేయించాలి, కాకపోతే తెలిసి అబద్ధం రాశానని కోర్టు తేలిస్తేనే అని మార్పించాలి. ప్రభుత్వాధికారులు పరువునష్టం గెలవాలంటే తెలిసి రాసిన అబద్ధమని, లేదా నిజానిజాలు పట్టించుకోలేదని నిరూపించాలన్న రక్షణ 1964లో వచ్చింది. అదీ పౌరహక్కుల ఉద్యమం తెచ్చిందే. ఉద్యమకారుల ప్రకటన అచ్చేసినందుకు న్యూయార్క్ టైమ్స్ మీద అలబామా జ్యూరీ 5 లక్షల డాలర్లు వేస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రక్షణ కేసు చివర్లో గెలిపిస్తుంది. మొదటి నెల లాయర్ బిల్లు మాత్రం మొదటి నెలలోనే వస్తుంది.

ఇప్పుడు మీ జేబు దగ్గరికి వద్దాం.

ఒంటరిగా న్యూస్‌లెటర్ నడిపే విలేకరికి చందా కడితే అది విరాళం కాదు, పన్ను మినహాయింపు రాదు. న్యూస్‌లెటర్ వేదిక సబ్‌స్టాక్ 10 శాతం తీసుకుంటుంది, చెల్లింపులు నడిపే స్ట్రైప్ ప్రతి చెల్లింపుకు 2.9 శాతం, పైన 30 సెంట్లు. నెలకు 5 డాలర్లు కడితే విలేకరికి చేరేది దాదాపు 4. అదే ఏడాదికి ఒకేసారి 50 కడితే దాదాపు 43 చేరుతుంది. నెలవారీలో ఐదో వంతు పోతోంది, వార్షికంలో ఏడో వంతు. తేడా అంతా ఆ 30 సెంట్ల దగ్గర. చందా కట్టేవాళ్ళు వార్షికమే కట్టండి.

లాభాపేక్షలేని సంస్థకైతే దాతకు పన్ను మినహాయింపు తెచ్చే 501 సి 3 హోదా ఉందో చూడాలి. కొత్త సంస్థలకు సొంత హోదా ఉండదు, మరో సంస్థ గొడుగు కింద నడుస్తాయి. ఆ గొడుగు సంస్థ సాధారణంగా 5 నుంచి 10 శాతం తీసుకుంటుంది. తీసుకోనివ్వండి. జీతాల లెక్కలు, ఆడిట్, పన్ను కాగితాలు అన్నీ వాళ్ళే చూస్తారు. ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. ఉద్యోగి విరాళానికి కంపెనీ తన వాటా కలిపే మ్యాచింగ్ పోర్టల్లో వార్తాసంస్థ పేరు కొట్టి, కనబడలేదని ఊరుకుంటారు. గొడుగు సంస్థ పేరుతోనో, దాని ఈఐఎన్ అనే పన్ను గుర్తింపు నంబరుతోనో వెతకాలి. దొరికాక ఉద్దేశం రాసే గడిలో వార్తాసంస్థ పేరు తప్పకుండా రాయాలి. రాయకపోతే డబ్బు గొడుగు సంస్థ సాధారణ ఖాతాలో పడి, అది ఎవరికోసమో తెలియక నెలలు నలుగుతుంది. రాశాక వార్తాసంస్థకు ఒక ఈమెయిలు పెట్టండి: ఫలానా తేదీన, ఇంత, ఫలానా పోర్టల్ నుంచి అని. మ్యాచింగ్ వాటా వేరుగా, ఆలస్యంగా వస్తుంది, వాళ్ళు దాన్ని నమ్ముకుని ఈ నెల జీతాలివ్వకూడదు.

ఖర్చులు విడివిడిగా చూపకుండా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటున్నాం కాబట్టి లాభం లేదనుకునేవాళ్ళకు ఒక మాట. 2026 నుంచి మీరు కూడా ఒంటరిగా అయితే 1,000, దంపతులు కలిసి ఫైల్ చేస్తే 2,000 డాలర్ల దాకా నగదు విరాళాన్ని పన్ను వేసే ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. విరాళాల కోసం ముందే డబ్బు పక్కన పెట్టుకునే డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో వేసే డబ్బుకు ఇది వర్తించదు. ఆ ఫండ్ నుంచి ఇచ్చేవాళ్ళు బదులుగా విందు టికెట్లు, బహుమతులు తీసుకోకూడదన్నదీ గుర్తుంచుకోండి.

ఎంతివ్వాలన్న దానికంటే ఎలా ఇవ్వాలన్నది ముఖ్యం. ఈ కథనానికే వాడండి అని షరతు పెట్టి ఇచ్చిన 5,000తో ఆఫీసు అద్దె కట్టలేరు, బీమా కట్టలేరు, మూడో నెలలో కథనం మలుపు తిరిగితే దాని వెంట పోలేరు. షరతు లేని 2,000 చాలాసార్లు దానికంటే ఎక్కువ పని చేస్తుంది. రెండేళ్ళకో మూడేళ్ళకో మాటివ్వగలిగితే ఇంకా మంచిది. అప్పుడు వాళ్ళు ఒక మనిషిని ఉద్యోగంలో పెట్టుకోగలరు. పోలీసు శాఖ ఒక వీడియోను ఏడాది తొక్కిపెట్టగలిగినప్పుడు, ఆరు నెలల గ్రాంటు వల్ల ఏం లాభం?

డబ్బిచ్చినవాళ్ళకు కథనం మీద మాట ఉండదు. ఇది వినడానికి తేలిక. సియాటెల్ నగరం 2023 ఫిబ్రవరి 21న కులవివక్షను నిషేధించింది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లును అదే ఏడాది అక్టోబరులో గవర్నరు తిప్పికొట్టాడు. మీరు సాయం చేసిన విలేకరి రేపు మన కంపెనీల్లో, మన సంఘాల్లో కులం గురించి రాస్తే ఏం చేస్తారు? జాతి న్యాయం గురించి రాసినప్పుడు చప్పట్లు, కులం గురించి రాసినప్పుడు చందా రద్దు అయితే, అది సాయం కాదు, ప్రకటనదారు బెదిరింపుకు ఇంకో పేరు. కథనంలో వాస్తవం తప్పయితే దిద్దమని అడగండి. ఆ సంస్థ దిద్దుబాట్లు ఎలా ప్రచురిస్తుందో, దాతల పేర్లు బయటపెడుతుందో లేదో డబ్బిచ్చే ముందే చూసుకోండి. ఆ రెండూ వెబ్‌సైట్‌లో కనబడకపోతే ఆగి అడగండి.

డబ్బు కాకుండా ఏమివ్వొచ్చు? ఇక్కడ సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే. దయచేసి కొత్త యాప్ కట్టిస్తామనకండి. వాళ్ళ దగ్గర ఇప్పటికే ఎవరూ చూసుకోని యాప్‌లు రెండుంటాయి. వాళ్ళకు కావాల్సింది, నగరం కావాలని స్కాన్ చేసి పంపిన 900 పేజీల పీడీఎఫ్‌లోని పట్టికలను వాడుకునే స్ప్రెడ్‌షీటుగా మార్చే మనిషి. మార్చాక 50 వరసలకు ఒకటి చొప్పున అసలు పేజీతో సరిచూసే ఓపిక. 1 అన్నది 7గా చదవబడితే ఒక పోలీసు బ్యాడ్జి నంబరు ఇంకొకరిది అవుతుంది, పరువునష్టం దావా అక్కడే పుడుతుంది. ఆ పని ఆఫీసు ల్యాప్‌టాప్ మీద చేయకండి, అందులో చేసింది తమదనే కంపెనీలున్నాయి. ఆ పత్రాలను చాట్‌బాట్‌లో పెట్టకండి. ప్రచురణకు ముందు ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకండి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు, పని అనుమతి లేని హెచ్4 వాళ్ళు ఇలాంటి పనికి డబ్బు తీసుకోకూడదు. ఉచితంగా చేసే ముందు కూడా, ఆ పనికి మామూలుగా జీతమిస్తారా అని ఇమిగ్రేషన్ లాయర్ని అడగడం మేలు.

మీకు తెలిసిన కుటుంబానికి ఏదైనా జరిగితే, విలేకరికి మీరివ్వగలిగిన అతి విలువైన సాయం అనువాదం. ఆదోని యాసలో ఏడుస్తూ ఒక తల్లి చెప్పేదాన్ని ఇంగ్లిష్‌లో పెట్టడం ఏ యంత్రానికీ చేతకాదు. కానీ అనువదించేటప్పుడు మెరుగుపరచకండి. ఆమె తిడితే తిట్టినట్టే చెప్పండి. కుటుంబం ఒప్పుకోకుండా ఫొటోలు, ఫోన్ నంబర్లు వాట్సాప్‌లో తిప్పకండి. విలేకరికి ఇచ్చే ముందు పేరు వేయొచ్చా, ఊరు వేయొచ్చా, ఎంతవరకు రాయొచ్చు అన్నది వాళ్ళ నోటితోనే అనిపించండి. మర్నాడు మళ్ళీ ఒకసారి అడగండి. మొదటి రోజు దుఃఖంలో అన్నదానికి రెండో రోజు వేరే మాట చెప్పే హక్కు వాళ్ళకుంది. ఇక కథనం వచ్చాక స్క్రీన్‌షాట్ కాదు, లింకు పంపండి. స్క్రీన్‌షాట్ ఎంతమంది చూసినా ఆ సంస్థ లెక్కలో సున్నాయే, ఆ లెక్క చూపించే రేపు గ్రాంటు అడగాలి.

చివరిగా తేదీల సంగతి. విరాళాలు నవంబరు, డిసెంబరుల్లో వెల్లువలా వస్తాయి, మ్యాచింగ్ ప్రచారాలన్నీ అప్పుడే. ఫిబ్రవరి, మార్చి నెలలు ఎండిపోతాయి. ఏప్రిల్ 15న ఫ్రీలాన్సర్ పాత ఏడాది పన్నుతో పాటు కొత్త ఏడాది తొలి త్రైమాసికం వాయిదా కూడా ఒకే రోజు కట్టాలి. తర్వాతి వాయిదా రెండు నెలలకే, జూన్ 15న. కాబట్టి మీలో ఎవరైనా ఈ సాయంత్రం నెలవారీ విరాళం పెట్టాలనుకుంటే, మొదటి చెల్లింపు తేదీ ఫిబ్రవరి 1 పెట్టండి. ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ మూల కూర్చున్నావిడకు మైకు ఇవ్వండి, ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు.